బెంగళూరు 8 లక్షలా, హైదరాబాద్ 6.5 లక్షలా? ముందు చేతికొచ్చేది చూడండమ్మా

తెనాలి నుంచి ఒక అమ్మగారు అడిగారు. వాళ్ళమ్మాయి సీఎస్ఈ ఫైనల్ ఇయర్, క్యాంపస్‌లో రెండు ఆఫర్లు వచ్చాయి, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో డెవలపర్‌గా (కోడ్ రాసే పని) ఏడాదికి 8 లక్షలు, హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సపోర్ట్ ప్రాజెక్ట్‌కి (నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో సమస్యలు చూసే పని) 6.5 లక్షలు. వాళ్ళాయనేమో హైదరాబాదే చేరమను, అద్దెలు దండగ, అక్కడే ఫ్లాట్ తీసేసుకుందాం అంటున్నారట.

అమ్మా, ముందు ఆ లక్షలు పక్కన పెట్టండి. సీటీసీలో, అంటే కంపెనీ మీ అమ్మాయి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చేది) అన్నీ కలిపేసి చూపిస్తారు, అవి తీసేస్తే 8 లక్షలకి నెలకి చేతికొచ్చేది ఓ 57 వేలు, 6.5కి ఓ 47 వేలు అనుకోండి. ఇన్‌కమ్ టాక్స్ గొడవ రెండిట్లోనూ లేదు, కొత్త రెజీమ్‌లో 12 లక్షల ఆదాయం దాకా కట్టక్కర్లేదు. అంటే అసలు తేడా నెలకి పది వేలు.

ఆ పది వేలు ఎటు పోతాయంటే, టూ షేరింగ్ పీజీ భోజనంతో కలిపి బెంగళూరులో రెండు మూడు వేలు ఎక్కువే ఉంటుంది, పండక్కి ఇంటికి రావాలంటే రాత్రంతా ప్రయాణం, సంక్రాంతికి ప్రైవేట్ బస్సు టికెట్ రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఏడాది తర్వాత ఫ్రెండ్స్‌తో ఫ్లాట్‌లోకి మారితే ఇంకో దెబ్బ. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అడ్వాన్స్‌తో ఇల్లు దొరుకుతుంది, బెంగళూరులో ఐదారు నెలలది అడిగే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె పట్టుకుంటారు కూడా. అన్నీ పోగా హైదరాబాద్ కంటే బెంగళూరులో నెలకి నాలుగైదు వేలు ఎక్కువ మిగిలితే గొప్ప.

రోజువారీ బతుకు సంగతి చూస్తే, బెంగళూరు ట్రాఫిక్ పేరు చెప్తేనే భయపడతారు కానీ మీ అమ్మాయి ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో కాబట్టి కొంచెం నయం, 2025 ఆగస్టులో యెల్లో లైన్ మెట్రో వచ్చింది, బీటీఎం వైపు ఉన్నా రైల్లో వెళ్ళిపోవచ్చు. హైదరాబాద్ మెట్రో మాత్రం రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి బస్సో షేర్ ఆటోనో. ఆడపిల్లలకి బస్సు ఫ్రీ కదా అనుకోకండి, అది తెలంగాణ వాళ్ళకే, తెనాలి ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టరు! నీళ్ళ విషయం రెండు చోట్లా అడగాల్సిందే, 2024 ఎండాకాలంలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల వెంట పడ్డారు, గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంట్లూ ఎండల్లో ట్యాంకర్ల మీదే నడుస్తాయి.

ఫ్లాట్ మాటకొస్తే, మీవారికి ఈ లెక్క చూపించండి. 80 లక్షల ఫ్లాట్, మీరు 20 పెట్టి 60 లోన్ తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళకి ఈఎంఐ 52 వేలు. హైదరాబాద్‌లో పిల్ల చేతికొచ్చే 47 వేల కంటే ఎక్కువ! రిజిస్ట్రేషన్‌కి ఇంకో ఆరు లక్షల దాకా వేరే. ఇది కాక రెండేళ్ళకి మంచి ఆఫర్ పుణెలోనో చెన్నైలోనో వస్తే ఈఎంఐ చూసుకుని వద్దనుకుంటుంది, నాకు అసలు భయం అదే. మొదటి మూడేళ్ళు అద్దెలోనే ఉండనివ్వండి, ఆఫీసుకి దగ్గరగా, ఓ మూడు వేలు ఎక్కువైనా సరే.

డబ్బులో పెద్ద తేడా లేదని తేలింది కాబట్టి నేనైతే పని చూసి బెంగళూరే అంటాను. సపోర్ట్‌లో రెండేళ్ళు నైట్ షిఫ్ట్‌లు చేసి తర్వాత డెవలప్‌మెంట్‌కి మారడం చాలా కష్టం, ఇంటర్వ్యూలో కోడింగ్ ఏం చేశావని అడుగుతారు. హైదరాబాద్ వాళ్ళు డెవలప్‌మెంట్ ఇస్తామని మెయిల్‌లో రాసిస్తే మాత్రం మళ్ళీ నన్నడగండి, అప్పుడు నా మాట మారొచ్చు.

ఒప్పుకునే ముందు హెచ్‌ఆర్‌ని రెండు అడగమనండి, వేరియబుల్ ఎంత, బాండ్ (ఇన్నాళ్ళు మానకూడదనే ఒప్పందం) ఉందా అని. పీజీకి ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి డబ్బులు పంపొద్దు, జాయినింగ్‌కి నాలుగు రోజులు ముందే మీరూ వెంట వెళ్ళి, అక్కడున్న పిల్లల్ని నీళ్ళు, తిండి, గేటు ఎన్నింటికి వేస్తారు అని అడిగి అప్పుడు అడ్వాన్స్ కట్టండి.