లంకల్లో టెక్నాలజీ పని నేర్పాలంటే చెరువు గట్టు మీదే నేర్పాలి

"కోనసీమ, నరసాపురం వైపు పల్లెల్లో కుర్రాళ్లకి టెక్నాలజీ ఉద్యోగాలకి తగ్గ ట్రైనింగ్ అందట్లేదు. మండలానికో సెంటర్ పెడితే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదండి. సఖినేటిపల్లి దగ్గర మాకు మోటారు వైండింగ్ షాపుంది. మా నాన్నగారి రోజుల నుంచీ కుర్రాళ్లు వచ్చి పని నేర్చుకుని వెళ్తూనే ఉన్నారు. అందుకే గట్టిగా చెప్తున్నాను, మన దగ్గర సెంటర్లకి కరువు లేదు. పని ఒక చోట ఉంటే పాఠం ఇంకో చోట చెప్తున్నారు, అదీ గొడవ.

టెక్నాలజీ అంటే చాలు, అందరికీ హైదరాబాద్ అమీర్‌పేట కోచింగులే. ఇక్కడ చూడండి. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మా వైపు ఎన్నో వరి చేలు చెరువులైపోయాయి. ప్రతి చెరువుకీ నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు, జనరేటరు, ఈమధ్య మోటార్లని ఫోన్‌తో నడిపే కంట్రోల్ ప్యానెళ్లు. అవి చెడితే విజయవాడ నుంచి మనిషి రావాలి. మన కుర్రాడేమో హైదరాబాద్ హాస్టల్లో కూర్చుని జావా నేర్చుకుంటాడు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. మంచి ఎండాకాలం, తెల్లవారుజాము. అంతర్వేది వైపు నుంచి మాకు తెలిసిన రైతు ఫోన్ చేశాడు. "బాబాయ్, ఫోన్‌లో మోటార్లన్నీ ఆన్‌లో ఉన్నట్టు చూపిస్తోంది, చెరువులో సగం తిరగట్లేదు, రొయ్య తేలుతోంది." ఆ వేళకి చెరువులో ఆక్సిజన్ మామూలుగానే అడుగంటి ఉంటుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రంతా దాన్ని తాగేస్తుంది. అప్పుడు ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం పోతుంది. కంపెనీ టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే "రీసెట్ కొట్టండి, రేపు వస్తాను" అన్నాడట.

మా షాపులో పని చేసే కుర్రాణ్ని బండెక్కించుకుని వెళ్లాను. పదో తరగతితో చదువు ఆపేశాడు. "చూడరా" అంటే "ఆయ్, చూస్తానండి" అని టార్చి నోట కరుచుకుని ప్యానెల్ తలుపు తీశాడు. రీసెట్ కొట్టి ఒక్కో వైరుకీ కరెంటు కొలిచే టంగ్ టెస్టర్ తగిలించాడు. రెండు ఫేజులు మామూలు కంటే బాగా ఎక్కువ లాగుతున్నాయి, మూడోది సున్నా. మోటార్లు తిరక్కుండా మూలుగుతున్నాయి. మోటార్లకి కరెంటు కలిపే స్విచ్చి, అదే కాంటాక్టరు, దాని పాయింట్లని ఉప్పుగాలి తినేసింది. ప్యానెల్ సంగతి తర్వాత చూద్దామని పాత స్టార్టరుకి వైర్లు మార్చి డైరెక్ట్ చేసేశాడు. రెక్కలు తిరిగి నీళ్లు లేచాక రైతు అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

అసలు సంగతి మర్నాడు తెలిసింది. మోటారుకి ఆన్ ఆర్డరు ఇచ్చానా లేదా అన్నదే ప్యానెల్ ఫోన్‌కి చెప్తోంది, మోటారు తిరుగుతోందా లేదా అన్నది కాదు. కరెంటు కొలిచే ఏర్పాటు లోపల ఉంది, బిగించినవాళ్లు దాన్ని ఆన్ చెయ్యలేదు. మెనూ అంతా ఇంగ్లీషు, మా వాడికి అర్థం కాలేదు. ఆ వీధిలోనే బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన అమ్మాయి ఉంది. స్కిల్ సర్టిఫికెట్ కూడా ఉంది, పనేమో రాజోలులో చీరల షాపు బిల్లింగ్. పిలిస్తే వచ్చి, మాన్యువల్ చదివి, ఫేజు పోయినా కరెంటు తగ్గినా ఫోన్ మోగేలా సెట్ చేసింది. ఆ పిల్ల అప్పటిదాకా మోటారు ముట్టుకోలేదు. మా వాడు మెనూ తెరిచి ఎరగడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే విజయవాడ టెక్నీషియన్ పని అయిపోయింది.

నేననేది ఇదే. ఆ ఇద్దర్నీ మూడు నెలలు ఒకే చెరువు గట్టు మీద పెట్టండి, ఒకరికొకరు నేర్పుకుంటారు. ఏసీ గదిలో వేలిముద్ర అటెండెన్సు వేయించి, ఇంగ్లీషు స్లైడ్లు చూపించి, చివర్లో గ్రూపు ఫొటో తీస్తే ఎవరికీ ఏమీ రాదు. నేర్పే మనిషి కూడా రోజూ రిపేర్లు చేసేవాడై ఉండాలి, తెలుగులో చెప్పాలి.

సెంటరేమో టౌనులోనే పెడతారు. మా ఊరి ఆడపిల్ల నరసాపురం వెళ్లాలంటే గోదావరి దాటించే పంటు ఎక్కాలి. గోదావరి పోటు మీదుంటే పంటు ఆగిపోతుంది, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. సాయంత్రం క్లాసంటే ఏ తల్లి పంపుతుంది? కోటిపల్లి నుంచి నరసాపురం రైలు మార్గం బాలయోగి గారి కాలం నుంచీ వింటున్నాం, మా పిల్లలకి పిల్లలు పుట్టారు. ఇవి ట్రైనింగ్‌కి సంబంధం లేని మాటలని ఎవరైనా అంటే నేనొప్పుకోను. సీటు ఇచ్చారు సరే, పిల్ల ఆ సీటు దాకా చేరాలి కదా!

చట్టం మన వైపే ఉంది, అడిగేవాడే లేడు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 30 మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థా సిబ్బందిలో కనీసం రెండున్నర శాతం అప్రెంటిస్‌లని, అంటే పని చేస్తూ నేర్చుకునేవాళ్లని, తీసుకోవాలి. 2016లో తెచ్చిన పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకి 1,500 దాకా, కేంద్రం భరిస్తుంది. భీమవరం చుట్టూ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, మేత మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు ఎన్ని లేవు? అక్కడి చల్లగదులు, కన్వేయర్లు, ప్యానెళ్లు మన పిల్లలు నేర్చుకోదగ్గ టెక్నాలజీ కాదా? పొలాల మీద మందు కొట్టే డ్రోన్‌దీ అంతే. 2021 నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, ట్రైనింగ్ పూర్తిచేస్తే పైలట్ సర్టిఫికెట్ వస్తుంది. డిగ్రీ అక్కర్లేదు.

మీరు సెంటర్ కోసం అర్జీ రాస్తుంటే దాన్ని మార్చి రాయండి. ఏ ప్లాంటు ఎంతమంది అప్రెంటిస్‌లని తీసుకుందో లెక్క చెప్పమని, మా వైపు పిల్లల్ని మా చెరువుల మీదే నేర్పించమని రాసి, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి. అమలాపురం కలెక్టరేట్‌కైతే నేనూ వస్తాను, మా కుర్రాణ్నీ ఆ అమ్మాయినీ తీసుకుని.