మాటు వేసిన కాయిల్ ఇరవై రోజులకే కారితే కేసు దేని మీద వేయాలి?

సందేహం: మాది చీమకుర్తి. రెండేళ్ల వారంటీతో 6,800 రూపాయలకు గ్యాస్ గీజర్ కొన్నాం. బిల్లు మా వారి పేరు మీద ఉంది, ఆయన హైదరాబాద్‌లో పని చేస్తారు. పద్నాలుగు నెలలకు కాయిల్ (మంట మీద నీళ్లు వేడెక్కే రాగి గొట్టం) దగ్గర నీళ్లు కారడం మొదలైంది. కంపెనీ సర్వీస్ సెంటర్ మెకానిక్ వచ్చి, బోరు నీళ్ల ఉప్పు వల్ల పోయింది, వారంటీ రాదన్నాడు. 2,600 తీసుకుని మాటు వేసి వెళ్లాడు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు యూపీఐలో పంపాం. ఇరవై రోజులకు అక్కడే మళ్లీ కారింది. మంట కూడా పసుపు రంగులో వస్తోంది. మొన్న మా పాప స్నానం చేసి వచ్చి తల తిరుగుతోందని పడుకుంది. కంపెనీకి ఫోన్ చేస్తే, వివాదాలన్నీ చెన్నై కోర్టుల్లోనే అని వారంటీ కార్డు మీద ఉంది చూసుకోండి అన్నారు. నేను కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, కేసు సంగతి తర్వాత, ముందు ఆ గీజర్‌కు గ్యాస్ కట్టేయండి, మళ్లీ ఒక్కసారి కూడా వెలిగించొద్దు. మంట వేడి కాయిల్‌కు ఉండే రాగి రేకుల సందుల్లోంచే పైకి పోవాలి. ఆ సందులు మసితో పూడుకుపోతే పొగకు దారి ఉండదు, గ్యాస్ సరిగ్గా మండదు, నీలంగా ఉండాల్సిన మంట పసుపు తిరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలుపు వేసుకున్న స్నానాల గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. పాపకు తల తిరిగింది దానివల్లేనా అన్నది డాక్టరు చెప్పాలి. ఇవాళే తీసుకెళ్లండి, ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందని, మంట ఇలా వస్తోందని మీరే నోరు తెరిచి చెప్పండి, ఆయన రాసిచ్చిన చీటీ జాగ్రత్తగా దాచండి.

ఇప్పుడు కేసు. వేయొచ్చు, మీ పేరు మీదే వేయొచ్చు. బిల్లు మీ వారి పేరున ఉందని భయపడకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) ప్రకారం కొన్నవారు మాత్రమే కాదు, వారి సమ్మతితో ఆ వస్తువు వాడుకునేవారూ వినియోగదారులే. చెన్నై అన్న మాటకూ జంకక్కర్లేదు. ఫిర్యాదుదారు ఎక్కడ నివసిస్తుంటే అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చని సెక్షన్ 34 చెబుతోంది, అంటే మీకు ఒంగోలు. కార్డు వెనక చిన్న అక్షరాల్లో అచ్చు వేసిన వాక్యం పార్లమెంటు ఇచ్చిన హక్కును తీసేయలేదు.

అసలు ఆలోచించాల్సింది కేసు దేని మీద అన్నదే. చాలామంది ‘గీజర్ నాసిరకం, కొత్తది ఇప్పించండి’ అని మొదలుపెడతారు. మీ విషయంలో అది బలహీనమైన దారి. మన వైపు బోరు నీళ్లు ఎలాంటివో మీకు నేను చెప్పాలా, స్టీలు గిన్నెలో రాత్రి పెట్టి తెల్లారి చూస్తే అంచున తెల్లగా చార ఉంటుంది. ఆ సున్నమే కాయిల్ గొట్టం లోపల పొరలు పొరలుగా పేరుకుంటుంది. పేరుకున్న చోట మంట వేడి నీళ్లకు అందదు, రాగి కాలిపోతుంది, మలుపుల దగ్గర చిల్లి పడుతుంది. వారంటీలో ఉప్పు నీళ్లకు మినహాయింపు ఉంటే కంపెనీ దాన్నే పట్టుకుంటుంది. నీళ్ల వల్లే పోయిందని అనేది కంపెనీ కాబట్టి అది చూపించాల్సిందీ కంపెనీయేనని మనం వాదించొచ్చు, ఫిర్యాదులో ఆ మాట కూడా రాయండి, కానీ కేసంతా దాని మీద నిలబెట్టకండి.

రిపేరు మీద నిలబెట్టండి. ఉప్పు వల్ల పోయిందని తెలిసి, ఆ మాట తన నోటితోనే అని, డబ్బు తీసుకున్న మనిషి ఏం చేయాలి? లోపల సున్నం కడగాలి, రేకుల్లో మసి తీయాలి, చిల్లి పడిన కాయిల్ మార్చాలి, కనీసం మార్చాలని చెప్పాలి. సున్నం అలాగే ఉంచి పైన మామూలు సోల్డర్ పెడితే ఆ వేడికి ఎన్నాళ్లు ఉంటుంది? ఇది సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపం, దీనికి వారంటీతో పనే లేదు, మీరు డబ్బిచ్చారు కాబట్టి. పసుపు మంట అప్పటికే ఉండి, చూసి కూడా హెచ్చరించకుండా వెళ్లి ఉంటే, పాపకు జరిగిన హాని మీద సెక్షన్ 85 కింద కూడా అడగొచ్చు, కానీ డాక్టరు కాగితం ఉంటేనే. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అక్రమ వ్యాపార పద్ధతే. యూపీఐ స్క్రీన్‌షాట్, సర్వీస్ కాల్ నంబరు మెసేజ్, మెకానిక్‌తో వాట్సాప్ మాటలు, ఏదీ చెరపకండి.

ఇంకో మాట, ఇది చాలామంది పోగొట్టుకునే చోటు. ఆ కాయిల్ ఎవరికీ ఇవ్వొద్దు. రాగికి పాత సామాన్ల కొట్లో మంచి ధర వస్తుంది, అందుకే కొత్తది బిగించిన మెకానిక్ పాతది అడక్కుండానే సంచిలో వేసుకుపోతాడు. నా దగ్గరికి ఒకాయన బియ్యం సంచిలో చుట్టి కాయిల్ తెచ్చాడు. మలుపు దగ్గర బఠాణీ గింజంత బూడిదరంగు ముద్ద, దాని అంచున వెంట్రుకంత పగులు, చుట్టూ ఆకుపచ్చ చిలుము, గొట్టం కొస నుంచి చూస్తే తెల్లటి గార పట్టి అగ్గిపుల్ల కూడా దూరేట్టు లేదు. పది పేజీల అఫిడవిట్ కంటే ఆ ముక్కే ఎక్కువ చెప్పింది. అవసరమైతే కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించగలదు. ఈలోగా ఇంకో మెకానిక్‌తో విప్పించకండి, బయటివాళ్లు చెయ్యి పెట్టారని కంపెనీ అంటుంది. కారుతున్నప్పటి ఫొటోలు ఉంటే సరే, లేదంటే గ్యాస్ కట్టేసే ఉంచి నీళ్లు మాత్రం వదిలి, తేదీ కనబడేలా ఇప్పుడే వీడియో తీయండి.

తర్వాత పని సులువే. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని కంపెనీలు అక్కడే దిగొస్తాయి. దాంతోపాటు సర్వీస్ సెంటర్‌కూ కంపెనీకీ ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, రసీదు ఉంచుకోండి. జవాబు రాకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టి ఒంగోలులో వేయండి. ఒక్క సర్వీస్ సెంటర్ మీదే వేస్తే రేపు వాళ్లు బోర్డు తిప్పేస్తే డబ్బు ఎవరిస్తారు? మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గడువు రెండేళ్లు. 2,600తో పాటు కాయిల్ మార్చే ఖర్చు, వైద్యం ఖర్చు, మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి, అంకె మాత్రం నమ్మేలా ఉండాలి.

కమిషన్ మిమ్మల్ని ఒక ప్రశ్న అడగొచ్చు: పద్నాలుగు నెలల్లో ఒక్కసారైనా సర్వీసింగ్ చేయించారా? చేయించకపోతే ఉన్నదున్నట్టు చెప్పండి, చేయించాలని మాకెవరూ చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు అన్నది నిజమైతే అదీ చెప్పండి. ఇకముందు మాత్రం మన నీళ్లకు ఆరు నెలలకోసారి నిమ్మ ఉప్పు నీళ్లతో కాయిల్ లోపల కడిగించి, రేకులు మెత్తటి బ్రష్‌తో దులిపించి, ఎంత చిన్న మొత్తమైనా బిల్లు రాయించుకోండి. కొత్తది బిగించేటప్పుడు స్నానాల గది లోపల కాకుండా బయట గాలి ఆడే గోడకు పెట్టించండి, పెట్టినవాడి పేరు, తేదీ కార్డు మీద రాయించండి.