అలబామా 18 అంటోంది, ఆబర్న్ 9 అంటోంది: కాలేజీ ఫుట్‌బాల్ టైటిళ్ళలో ఎవరి లెక్క నమ్మాలి?

ప్రశ్న అడిగిన తమ్ముడు అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాడంట, ఆఫీసులో సగం మంది అలబామా యూనివర్సిటీ పక్షం, సగం మంది అదే రాష్ట్రంలోని ఆబర్న్ యూనివర్సిటీ పక్షం, లంచ్‌లో రోజూ ఇదే గొడవంట. ఎవరికి నిజంగా ఎన్ని నేషనల్ చాంపియన్‌షిప్పులు ఉన్నాయో తేల్చి చెప్పమన్నాడు. నేను 2012 ఆగస్టు నుంచి 2014 మే దాకా ఆబర్న్‌లో ఎమ్మెస్ చేశా, కాబట్టి నేనెటు పక్షమో ముందే చెప్పేస్తున్నా. కానీ టైటిళ్ళ లెక్క దగ్గరకొస్తే మా కాలేజీని కూడా వదలను.

అసలు చిక్కెక్కడుందంటే, పై లెవెల్ కాలేజీ ఫుట్‌బాల్‌కి (బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట) కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ టైటిల్ ఇవ్వదు. బాస్కెట్‌బాల్‌కి ఇస్తుంది, ఈతకి కూడా ఇస్తుంది, దేశమంతా పిచ్చెక్కి చూసే ఈ ఆటకి మాత్రం ఇవ్వదు. ఏళ్ళ తరబడి పేపరోళ్ళు ఓట్లేసి ఒకర్ని నంబర్ వన్ అనేవాళ్ళు, కోచ్‌లు ఓట్లేసి ఇంకొకర్ని అనేవాళ్ళు, లెక్కలు కట్టేవాళ్ళు ఫార్ములాలు పెట్టుకుని మూడో టీమ్‌ని తేల్చేవాళ్ళు. అందులో తనకి కావాల్సింది ఏరుకుని కాలేజీ తన ఖాతాలో రాసేసుకోవచ్చు, అడిగే నాథుడు లేడు.

మనకి ఇది అర్థం కాకపోవడమేంటి, 100 రోజుల సెంటర్ల గొడవ చూస్తూ పెరిగినోళ్ళం. మా తెనాలిలో సెలూన్ దగ్గర కూర్చుంటే చాలు, మా హీరోకి ఇన్ని సెంటర్లంటే మా హీరోకి ఇన్నని మొదలయ్యేది, వెంటనే ఎవడో ఒకడు లేచి "డైరెక్టా, షిఫ్టింగా? నాలుగాటలా, రోజుకి ఒక్క ఆటా?" అనేవాడు, అక్కడినుంచి చొక్కాలు పట్టుకునేదాకా పోయేది. పోస్టర్ మీద అంకె ఎవడైనా వేస్తాడు, జనం నిండిన హాలు ఎన్ని రోజులుందనేదే లెక్క. అలబామా 18లో డైరెక్ట్ సెంటర్లు చాలానే ఉన్నాయి, నేను కాదనను. 1979, 1992, ఆ తర్వాత కోచ్‌గా నిక్ సేబన్ వచ్చాక 2009, 2012, 2015, 2017, 2020, వీటి మీద నోరెత్తేదేముంది. 2011 మీద మాత్రం నాకు పేచీ ఉంది, సొంత డివిజన్ (లీగ్‌లో తమ గ్రూపు) కూడా గెలవకుండా, తమని తమ గ్రౌండ్‌లోనే 9-6తో ఓడించిన ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్)తోనే మళ్ళీ ఫైనల్ ఆడించారు, అయినా ఫైనల్లో 21-0తో గెలిచారు కాబట్టి సరే అంటా.

కానీ 1941 సంగతి చూడండి. ఆ ఏడాది అలబామా రెండు మ్యాచ్‌లు ఓడిపోయింది, మిసిసిపీ స్టేట్ చేతిలో ఒకటి, వాండర్‌బిల్ట్ చేతిలో ఒకటి. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్, అంటే పేపరోళ్ళ ఓటింగ్) లిస్టులో 20వ ర్యాంకు. సొంత కాన్ఫరెన్స్, అంటే తమ లీగ్ టైటిల్ కూడా మిసిసిపీ స్టేట్ ఎత్తుకుపోయింది. అటు మిన్నెసోటా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఏపీ నంబర్ వన్‌గా నిలిచింది. అయినా ఎవరిదో ఒక లెక్కల పద్ధతిలో అలబామా పైన తేలిందని 1980లలో, అంటే 40 ఏళ్ళు పైబడ్డాక, మీడియా గైడ్‌లో అచ్చేసేసుకున్నారు. 1973లో ఇంకో రకం. కోచ్‌ల ఓటింగ్ అప్పట్లో సీజన్ చివర ఆడే పెద్ద మ్యాచ్‌లకి, అంటే బౌల్ మ్యాచ్‌లకి ముందే అయిపోయేది. అలబామాకి కిరీటం పెట్టేశారు, తర్వాత షుగర్ బౌల్‌లో నోటర్‌డామ్ 24-23తో వాళ్ళని ఓడించింది. ఓడినా కిరీటం తియ్యలేదు. మరుసటి ఏడు నుంచి కోచ్‌లు కూడా బౌల్స్ అయ్యాకే ఓటెయ్యడం మొదలెట్టారంటే తప్పు జరిగిందని వాళ్ళకీ తెలుసన్నమాట.

నాకు ఎక్కువ మండేది 1966 విషయంలో. ఆ ఏడాది అలబామా 11కి 11 గెలిచింది. నోటర్‌డామ్, మిషిగన్ స్టేట్ ఒకళ్ళతో ఒకళ్ళు 10-10 డ్రా ఆడుకుని మరీ ఓటింగ్‌లో అలబామా పైన కూర్చున్నాయి. న్యాయంగా అలబామా గట్టిగా అడగాల్సిన ఏడాది అది. దాన్ని లెక్కలో వేసుకోరు, 20వ ర్యాంకొచ్చిన 1941ని వేసుకుంటారు!

ఇక మా వాళ్ళ సంగతి. నేను చదివే రోజుల్లో ఆబర్న్‌లో ఎవర్నడిగినా రెండే చెప్పేవాళ్ళు, 1957, 2010. 1957లో ఏపీ నంబర్ వన్, 2010లో కామ్ న్యూటన్ టీమ్ ఫైనల్లో ఒరెగాన్‌ని 22-19తో ఓడించింది. రెండూ గట్టివి. 2025 ఆగస్టు వచ్చేసరికి మొత్తం 9 అని ప్రకటించేశారు, 1910 నుంచి మొదలెట్టి. ఆ వార్త చూసిన రోజు నాకు నిజంగా బాధేసింది. 1983 కూడా అందులో ఉంది, ఆ ఏడాది పేపర్లు, కోచ్‌లు ఇద్దరూ మయామీకే ఇచ్చారు. 2004 కూడా ఉంది. అది మా అందరికీ పుండు లాంటిది, 13కి 13 గెలిచినా ఫైనల్ ఆడనివ్వలేదు, సదరన్ కాలిఫోర్నియాని ఓక్లహోమాని ఆడించారు, గెలిచిన సదరన్ కాలిఫోర్నియా టైటిల్‌ని తర్వాత రూల్స్ తప్పారని రద్దు కూడా చేశారు. ఘోరమైన అన్యాయం, వందసార్లు చెప్తా. కానీ అన్యాయం జరిగిందని టైటిల్ రాసుకోకూడదు. అవతలోళ్ళని షిఫ్టింగ్ సెంటర్లని ఇన్నేళ్ళు ఏడిపించి ఇప్పుడు మనమే అద్దె కట్టి హాల్లో బొమ్మ ఆడించుకుంటే ఏ మొహం పెట్టుకుని వాదిస్తాం?

కాబట్టి నా లెక్క: అలబామాకి 1941, 1973 తీసెయ్యాలి, బౌల్‌లో టెక్సస్ చేతిలో ఓడిన 1964 కూడా తీసెయ్యాలి, 15. ఆబర్న్‌కి 2. దీంట్లో మార్పు లేదు.

అయితే తమ్ముడూ, లంచ్ టేబుల్ దగ్గర వాళ్ళు కొట్టుకునేది ఈ అంకెల గురించే అనుకుంటున్నావు చూడు, అది కాదు. ఈ రెండు కాలేజీలూ మొదటిసారి ఆడింది 1893లో. 1907లో డ్రా అయ్యాక ఆటగాళ్ళ బత్తా డబ్బుల దగ్గర, రిఫరీని ఎక్కడినుంచి తేవాలన్న దగ్గర తేడా వచ్చి 41 ఏళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఆడలేదు. గట్టు తగాదా పెట్టుకున్న అన్నదమ్ముల్లాగ. 1948లో మళ్ళీ మొదలైంది, బర్మింగ్‌హామ్‌లో, ఇనుము ఫ్యాక్టరీల ఊరు కాబట్టి ఐరన్ బౌల్ అని పేరొచ్చింది. అక్కడ కార్లకి ముందు సగం అలబామా, సగం ఆబర్న్ ఉన్న ప్లేట్లు కనపడతాయి, ఇంట్లో మొగుడిదో పార్టీ పెళ్ళానిదో పార్టీ అని.

అలాంటి ఇంటివాళ్ళే నాకు ఈ ఆట నేర్పింది. మా డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసే పెద్దాయన ఆబర్న్, ఆయన భార్య టస్కలూసాలో, అంటే అలబామా యూనివర్సిటీ ఉన్న ఊళ్ళో చదివిన మనిషి. మ్యాచ్ ఉన్న శనివారం క్యాంపస్‌లో చెట్ల కింద టెంటు వేసి, టీవీ పెట్టి, పొయ్యి మీద మాంసం పెట్టేవాళ్ళు, టెయిల్‌గేట్ అంటారు. నన్ను మొదటిసారి పిలిచినప్పుడు పెద్ద గిన్నెలో ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టారు, మన బస్టాండ్లో బుట్టలో అమ్మేవే, తొక్క వలుస్తుంటే వేళ్ళ మీద ఆ ఉప్పునీళ్ళు కారుతుంటే నాకు ఇంటికెళ్ళినట్టయింది. ఇంతకన్నా ఏం కావాలి. మన కుర్రాళ్ళు కొందరు ఉంటారు, రెండేళ్ళుండి కూడా "హెల్మెట్ పెట్టుకున్న కబడ్డీ, దీన్ని ఫుట్‌బాల్ అంటారేంటి" అని వెక్కిరిస్తూ శనివారం అంతా బిర్యానీ, సినిమాతో గదిలో గడిపేస్తారు, ఊరు ఊరంతా మీ కిటికీ బయట పండగ చేసుకుంటుంటే ఒక్కసారి కిందకి దిగి చూడటానికి ఏం రోగం? అడిగితే చెప్పేవాళ్ళు ఎంతమందో. ఇంకో బ్యాచ్ ఉంటుంది, మా పెద్దమ్మ కొడుకు అట్లాంటాలో ఉంటాడు, టస్కలూసా మొహం కూడా చూడలేదు, అలబామా గెలుస్తోంది కదా అని ఎర్ర టోపీ పెట్టుకుని తిరిగేవాడు. గెలిచేవాళ్ళ పక్కన నిలబడటం అభిమానం కాదు అన్నయ్యా అని మొహం మీదే చెప్పా.

2012లో మేం 12కి 9 మ్యాచ్‌లు ఓడిపోయాం, అలబామా చేతిలో 49-0. కోచ్‌ని తీసేశారు. మరుసటి ఏడు అనుకోకుండా గెలుస్తూ వచ్చి, 2013 నవంబర్ 30న ఐరన్ బౌల్‌కి అలబామా నంబర్ వన్, మేం నంబర్ 4. అలబామా అప్పటికే వరసగా రెండు టైటిళ్ళు కొట్టి మూడోదానికి వస్తోంది. నాకు స్టేడియం టికెట్ దొరకలేదు. 87 వేలమంది పట్టే జర్డన్-హేర్ స్టేడియం మా టెంటు నుంచి ఐదు నిమిషాల నడక, గోడ కనిపిస్తోంది, లోపలికి మాత్రం పోలేం.

ఆ టీవీతో ఒక చిక్కుంది. టీవీలో బొమ్మ కొన్ని సెకన్లు లేటు. అంటే ఏం జరిగినా ముందు స్టేడియంలోంచి అరుపు వినపడేది, తర్వాత మాకు కనపడేది. నాలుగో క్వార్టర్లో అలబామా 99 గజాల టచ్‌డౌన్ (బంతిని అవతలి కొస గీత దాటించడం) వేసినప్పుడు మా వాళ్ళ నిశ్శబ్దం ముందు వచ్చింది, అది విని పెద్దాయన టీవీ చూడకుండానే తల దించేసుకున్నాడు. 32 సెకన్లు ఉండగా మేం 28-28 చేశాం. టైం అయిపోయింది అనుకున్నాం, రిఫరీలు చూసి ఒక్క సెకను వెనక్కి పెట్టారు. ఆ ఒక్క సెకనులో అలబామా 57 గజాల ఫీల్డ్ గోల్‌కి (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్యకి పంపడం) వచ్చింది.

చీకటి పడిపోయింది, చలి. టీవీలో కిక్కర్ ఇంకా అడుగులు కొలుచుకుంటున్నాడు. స్టేడియంలోంచి అరుపొచ్చింది. ఓహో మిస్సయింది, ఓవర్‌టైమ్ అని నేను కుర్చీలోంచి లేవబోయా. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎందుకంటే ఆ అరుపు ఆగట్లేదు. మిస్సయితే వచ్చే అరుపు ఒక్కసారి పైకి లేచి తగ్గుతుంది, ఇది తగ్గకుండా పెరుగుతోంది, వరద నీళ్ళు చప్పుడు చేస్తూ దగ్గరికి వచ్చినట్టు, టెంటు గుంజ మీద చెయ్యి పెడితే గుంజ అదురుతోంది. టీవీలో బంతి అప్పుడే గాల్లోకి లేచింది. గ్రౌండ్ కొసన ఉండే ఎండ్ జోన్ చివర మా క్రిస్ డేవిస్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, బంతి తక్కువ పడింది, పట్టుకున్నాడు, పరిగెత్తాడు. ఎడమ గీత పక్కనే, కాలు గీత తొక్కుతుందేమో అన్నట్టు, 109 గజాలు. అవతల అలబామా వైపు ఫీల్డ్ గోల్‌కి దిగింది ఎక్కువ భాగం బరువైన మనుషులు, వాళ్ళు ఇతన్ని ఎక్కడ పట్టుకుంటారు. ఏం జరగబోతోందో ఆ అరుపు మాకు ముందే చెప్పేసింది, అయినా చూస్తుంటే నా మోకాళ్ళు వణికాయి. 34-28. పెద్దాయన ఏడ్చేశాడు.

నేను ఆవిడ వైపు చూశా. ఎర్ర స్వెటర్ వేసుకుని, చేతిలో వేరుశనక్కాయ సగం వలిచి అలాగే పట్టుకుని ఉంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, టెంటు వెనక సామాన్ల పెట్టెలోంచి టాయిలెట్ పేపర్ రోళ్ళు రెండు తీసి నా చేతిలో పెట్టింది. "పో బాబూ, టూమర్స్ కార్నర్‌కి పో. ఇలాంటి రాత్రి మళ్ళీ రాదు" అంది. అలబామా మనిషి అంది ఆ మాట.

గెలిచినప్పుడు ఊరంతా టూమర్స్ కార్నర్‌లో చెట్ల మీదకి టాయిలెట్ పేపర్ విసరడం ఆబర్న్ ఆనవాయితీ. అక్కడ రెండు పాత ఓక్ చెట్లు ఉండేవి. 2010 ఐరన్ బౌల్‌లో 24-0 వెనకబడి కూడా మేం 28-27తో గెలిచాక అలబామా పిచ్చోడొకడు ఆ చెట్ల వేళ్ళకి కలుపుమందు పోశాడు, పోసి రేడియో ప్రోగ్రామ్‌కి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. కేసయింది, జైలుకెళ్ళాడు, కానీ చెట్లు బతకలేదు, 2013 ఏప్రిల్‌లో కొట్టేశారు. ఆట మీద కోపం చెట్టు మీద చూపించేవాడిని నేనిప్పటికీ క్షమించలేను. ఆ రాత్రికి చెట్లు లేవు, స్తంభాలకి తీగలు కట్టి ఉన్నాయి. జనం వాటి మీదకే విసిరారు. ముసలాళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు, ముక్కూమొహం తెలియని వాళ్ళు "వార్ ఈగిల్" అని మా ఆబర్న్ నినాదం అరుస్తూ నన్ను కావలించుకున్నారు. ఇంటికి ఫోన్ చేశా, అక్కడ ఆదివారం తెల్లవారుజాము. నాన్న కంగారుగా "ఏంట్రా, ఏమైంది, ఆ కేకలేంటి" అన్నాడు. గెలిచాం నాన్నా అన్నా. "ఎవరి మీద?" అన్నాడు. పక్కూరి మీద అన్నా. "అయితే సరే" అన్నాడు, ఆయన కుర్రతనంలో వాలీబాల్ ఆడాడు, పక్కూరంటే ఏంటో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది టైటిల్ మాకు రాలేదు. ఫైనల్లో ఫ్లోరిడా స్టేట్ ఆఖరి 13 సెకన్లు ఉండగా టచ్‌డౌన్ వేసి 34-31తో పట్టుకుపోయింది. ఏ లెక్కలోనూ 2013 మాది కాదు, 9లో కూడా లేదు. కానీ నీ ఆఫీసులో ఏ ఆబర్న్ మనిషినైనా 2013 అని ఒక్క మాట అను, లంచ్ చల్లారిపోతుంది, అతను మాత్రం ఆపడు. అలబామా మనిషికి కూడా ఆ రాత్రి తనెక్కడ కూర్చుని ఉన్నాడో గుర్తుంటుంది, 1941 గురించి అడిగితే ఏం చెప్తాడో చూడు.

ఆ దంపతులతో ఇప్పటికీ మాటలున్నాయి. 2023లో మా గ్రౌండ్‌లోనే, నాలుగో డౌన్, అంటే ఆఖరి అవకాశం, ఇంకా 31 గజాలు కావాలి, అక్కడినుంచి అలబామా టచ్‌డౌన్ వేసి 27-24తో గెలిచింది. నేను టీవీ కట్టేసి కూర్చున్నా. పావుగంటకి ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, "31" అని, అంతే. నేను "109" అని పంపా.