స్పెక్ట్రమ్ అసలా, కొసరా?

టెలికాం లైసెన్సులు, స్పెక్ట్రమ్ (ఫోన్లు వాడుకొనే రేడియో తరంగాలు) కేటాయింపుల వివాదాలపై పాఠకులు అడిగిన ప్రశ్నలలో నాలుగింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: 2003 ప్రాంతంలో మా ఇంట్లో కొన్న సెల్‌ఫోను ఊరి పొలిమేర దాటి కొంత దూరం వెళితే మూగబోయేది. పక్కింటివారి ఫోను మాత్రం హైదరాబాదులోనూ పలికేది. అది ఫోనులోని లోపమా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: లోపం కాదండీ, లైసెన్సులోని షరతు. మీది బహుశా సీడీఎంఏ ఫోను, పక్కింటివారిది జీఎస్ఎం ఫోను అయి ఉండాలి; ఇవి రెండు వేర్వేరు మొబైల్ టెక్నాలజీలు. అప్పట్లో జీఎస్ఎం కంపెనీలు అందించే సెల్యులార్ సేవలకు ఒక లైసెన్సు, ల్యాండ్‌లైను సేవలకు వేరొక లైసెన్సు ఉండేవి. ఇంటింటికీ తీగ లాగడం ఖర్చుతో కూడిన పని కనుక, ఆ చివరి కొద్ది దూరాన్ని రేడియో తరంగాలతో కలుపుకొనేందుకు ల్యాండ్‌లైను కంపెనీలను అనుమతించారు; అందుకు అవి సీడీఎంఏను వాడుకున్నాయి. అయితే ఆ తరంగాలను అందుకొనే పరికరం గోడకే తగిలించి ఉండాలన్న నియమమేమీ లేదు, జేబులోనూ పడుతుంది. 2001 జనవరిలో ప్రభుత్వం దీనిని ఒప్పుకుంటూనే, స్థానిక కాల్ పరిధిని, అంటే రమారమి ఒక తాలూకాను దాటి ఆ ఫోను పనిచేయరాదని హద్దు గీసింది. ఈ సీడీఎంఏ బాటలో ముందు నడిచిన టాటా టెలీసర్వీసెస్ తన సేవలను మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే (సర్కిల్ అంటే ఒక లైసెన్సు వర్తించే ప్రాంతం).

తాము భారీ రుసుములు చెల్లించి సంపాదించుకున్న మొబైల్ వ్యాపారాన్ని వేరొకరికి దొడ్డిదారిన అప్పగించారని జీఎస్ఎం కంపెనీలు టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌ను ఆశ్రయించాయి. 2002లో ట్రిబ్యునల్ వారి పిటిషన్‌ను కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. 2003 ఆగస్టులో ట్రిబ్యునల్ మెజారిటీ తీర్పు ఆ సేవను అనుమతిస్తూనే, హద్దును ఖచ్చితంగా పాటించాలన్నది. ఇంతలో ఫోన్లు లక్షలాది చేతులకు చేరిపోయాయి. చివరకు 2003 నవంబరులో ప్రభుత్వం రెండు సేవలకూ కలిపి ఒకటే అయిన యూనిఫైడ్ లైసెన్సును తెచ్చి, ఎంట్రీ ఫీజులోని తేడా చెల్లించిన వారికి ఆ హద్దును చెరిపివేసింది. వ్యాజ్యం తేలకముందే విధానం మారిపోయే అలవాటు మన టెలికాం రంగానికి అప్పుడే పట్టుకున్నదని నా అభిప్రాయం.

ఆ కొత్త లైసెన్సు ఏ టెక్నాలజీకైనా పనికివస్తుంది. కానీ దానితోపాటు వచ్చే తరంగాలు మాత్రం సమానం కావు. జీఎస్ఎం కంపెనీకి తొలుత 4.4 మెగాహెర్ట్జ్, సీడీఎంఏ కంపెనీకి 2.5 మెగాహెర్ట్జ్ దక్కేవి. కూరగాయలు కొన్నవారికి కొత్తిమీర కొసరు వేసినట్లు, లైసెన్సు కొన్నవారికి స్పెక్ట్రమ్‌ను కొసరుగా ఇచ్చారన్నమాట. వినియోగదారులు పెరిగేకొద్దీ ఆ కొసరే అసలైంది. 2007 అక్టోబరులో సీడీఎంఏ కంపెనీలు మరొకసారి ఫీజు కట్టి అదే లైసెన్సుపై జీఎస్ఎం తరంగాలను కూడా పొందవచ్చని ప్రభుత్వం అనుమతించగానే, స్పెక్ట్రమ్ కోసం వరుసలో ఉన్న పాత కంపెనీలు మళ్లీ ట్రిబ్యునల్ మెట్లెక్కింది అందుకే.

ప్రశ్న: 2జీ కేసులో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేయగా, ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. రెండింటిలో ఏది సరైనది? — న్యాయశాస్త్ర విద్యార్థిని, వరంగల్

జవాబు: రెండు కోర్టుల ముందున్న ప్రశ్నలు వేరు కనుక ఒకటి ఒప్పయితే మరొకటి తప్పు కానక్కరలేదు. 2012 ఫిబ్రవరి 2న జస్టిస్ జి.ఎస్. సింఘ్వీ, జస్టిస్ ఎ.కె. గంగూలీల ధర్మాసనం పరిశీలించింది 2008లో లైసెన్సులను, వాటితోపాటు స్పెక్ట్రమ్‌ను కేటాయించిన పద్ధతిని. దేశమంతటికీ లైసెన్సు ధర 2001 నాటి 1,658 కోట్ల రూపాయలే. దరఖాస్తులకు 2007 అక్టోబరు 1 గడువని ప్రకటించి, తరువాత సెప్టెంబరు 25 దాకా వచ్చినవాటినే లెక్కలోకి తీసుకున్నారు. ఇక 2008 జనవరి 10న జరిగింది చదివితే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది: ముప్పావు గంటలో టెలికాం శాఖ కార్యాలయమైన సంచార్ భవన్‌కు రమ్మని మధ్యాహ్నం ప్రకటన వెలువడితే, కొన్ని కంపెనీలు ముందే తీయించిన కోట్ల రూపాయల డిమాండ్ డ్రాఫ్టులతో సిద్ధంగా వచ్చాయి. ముందు వచ్చినవారికి ముందు అన్న సూత్రం ఆ రోజు ముందు డబ్బు కట్టినవారికి ముందు అన్నట్లుగా మారిపోయింది. ఇది సమానత్వాన్ని చెప్పే రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని తేల్చడానికి ఎవరు లంచం తీసుకున్నారో నిరూపించనక్కరలేదు.

ప్రత్యేక న్యాయమూర్తి ఒ.పి. సైనీ చూడవలసింది సరిగ్గా ఆ లంచం, నేరం సంగతినే. క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. ప్రాసిక్యూషన్ అందుకు తగిన సాక్ష్యం చూపలేదని ఆయన 2017 డిసెంబరు 21న తీర్పిచ్చారు. దానిపై సీబీఐ చేసిన అప్పీలును విచారణకు స్వీకరించడానికి ఢిల్లీ హైకోర్టు 2024 మార్చిలో అంగీకరించింది. మరొక మాట: ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నష్టంగా చెప్పిన 1.76 లక్షల కోట్లు ఖజానా నుంచి పోయిన సొమ్ము కాదు, వేరే ధరకు ఇచ్చి ఉంటే రాగలిగేదన్న అంచనా. పరీక్షలో ఈ తేడా రాయడం మరవకండి.

ప్రశ్న: రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా మా సిమ్ ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌దే ఎందుకు? — పాఠకుడు, నిజామాబాద్

జవాబు: లైసెన్సు సర్కిళ్లకు రాష్ట్రాల సరిహద్దులతో నిమిత్తం లేదు. ఉన్న 22 సర్కిళ్లలో ఛత్తీస్‌గఢ్ ఇప్పటికీ మధ్యప్రదేశ్‌తోను, జార్ఖండ్ బీహార్‌తోను కలిసే ఉన్నాయి. ఒక సర్కిల్‌కని వేలంలో అమ్మిన తరంగాలను మధ్యలో రెండుగా పంచడం కొత్త వ్యాజ్యాలను కోరి తెచ్చుకోవడమే.

ప్రశ్న: 2జీ తీర్పులో వేలమే న్యాయమని సుప్రీంకోర్టు అన్నప్పుడు శాటిలైట్ ఇంటర్నెట్ కంపెనీలకు వేలం లేకుండా స్పెక్ట్రమ్ ఎలా ఇస్తారు? — ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: 2012 సెప్టెంబరు 27న రాష్ట్రపతి పంపిన ప్రశ్నలకు బదులిస్తూ, అన్ని సహజ వనరులకూ వేలం ఒక్కటే మార్గం కాదని సుప్రీంకోర్టే వివరించింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వేలాన్నే సాధారణ నియమంగా ఉంచి, మినహాయింపులను మొదటి షెడ్యూలులో చేర్చింది. కొన్ని శాటిలైట్ సేవలు వాటిలో ఉన్నాయి. నేలమీది టవర్ల తరంగాలు ఒక్కో కంపెనీ సొంతానికి వెళతాయి. ఉపగ్రహాల తరంగాలను పలు సంస్థలు ఉమ్మడిగా వాడుకోగలవు. ఈ కారణం నాకు సబబుగానే తోస్తున్నది.

నాకు అనుమానం ఉన్నది రుసుము దగ్గర. సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో, అంటే ఏజీఆర్‌లో, 4 శాతం వసూలు చేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 మేలో సిఫారసు చేసింది. 1999 తరువాత మొబైల్ కంపెనీలు కూడా ఆదాయంలో వాటాకే ఒప్పుకున్నాయి. వడ్డీ, డివిడెండు, అద్దె వంటివి అందులోకి వస్తాయా రావా అని ఏళ్ల తరబడి పోరాడాయి. వస్తాయని 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు తేల్చేసరికి వడ్డీ, జరిమానాలతో బకాయిలు కొండలా పెరిగాయి. 2020లో పదేళ్ల వాయిదాలు ఇవ్వవలసివచ్చింది. టెలికాంకు సంబంధించని ఆదాయాన్ని 2021లో మినహాయించారు గానీ, అది ఆపై కాలానికే వర్తిస్తుంది. కనుక శాటిలైట్ లైసెన్సు మీ చేతికి వస్తే, శాతం ఎంతో చూడడానికి ముందు ‘ఆదాయం’ అన్న మాటకు అందులో ఇచ్చిన నిర్వచనాన్ని చదవండి.