ఏజెన్సీ చెరువుల్లో గాలం వేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. మూడు రోజుల్లో తాటిపూడి, జోలాపుట్, తాజంగి, డొంకరాయి నాలుగు రిజర్వాయర్లూ చుట్టేస్తామన్నావు. నా మాట విని రెంటికి తగ్గించు. ఎండాకాలంలో చేప ఎర ముట్టేది తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలాక. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేప లోతుకి దిగిపోతుంది. ఘాట్ రోడ్డు మీద చీకట్లో కారు నడపొద్దు కాబట్టి పొద్దుండగానే ఎక్కడో ఒకచోట ఆగాలి. రోజుకో చెరువు పెట్టుకుంటే ఆ రెండు వేళల్లోనూ మీరు టెంట్ వేస్తూనో విప్పుతూనో ఉంటారు. ఇక గాలం ఎప్పుడు వేస్తారు?

తాటిపూడి దగ్గర కాసేపు ఆగి చూసి వెళ్లండి, చాలు. అక్కడి గోస్తనీ నది నీళ్లే విశాఖకి తాగడానికి వస్తాయి. అక్కడ గిన్నెలు కడగడం, సబ్బుతో స్నానాలు వద్దు. డొంకరాయి చాలా దూరం, దానికి వేరే ట్రిప్పు పెట్టుకో. జోలాపుట్ దగ్గర రెండు రాత్రులు ఉండండి. పాడేరు, చింతపల్లి మీదుగా తిరిగి వస్తూ తాజంగి దగ్గర ఒక పొద్దు గడిపి, లంబసింగి నుంచి నర్సీపట్నం దిగిపోండి.

జోలాపుట్ మాచ్‌ఖండ్ నది మీద ఉంది. ఆంధ్రా, ఒడిశా కలిసి కట్టిన కరెంటు ప్రాజెక్టు అది. ఆ నదే కిందకి పోయి సీలేరు అవుతుంది, తర్వాత శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. వేసవిలో నీళ్లు బాగా తగ్గి, గట్టంతా పైకి ఎండినట్టు కనిపిస్తుంది కానీ లోపల బురద మెత్తగానే ఉంటుంది. కర్రతో పొడిచి చూడకుండా అడుగు వేయకు, కారుని అసలు దింపకు. డ్యామ్ దగ్గరికి పోవద్దు. డ్యామ్ కింద ఏటి ఇసుకలో టెంట్ వేయనే వద్దు. నీళ్లు ఎప్పుడు వదులుతారో మనకి తెలియదు.

అన్నిటికంటే ముందు ఊళ్లోకి వెళ్లి పెద్దల్ని అడగండి. ఇది మర్యాద కోసమే చెప్పడం లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల బాధ్యత అక్కడి పంచాయతీలదేనని 1996లో గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన పెసా చట్టం చెబుతోంది. పెద్ద రిజర్వాయర్లయితే చేపల మీద బతికే సంఘాలుంటాయి, వాళ్ల వలలు ఎక్కడున్నాయో కనుక్కుని దూరంగా కూర్చోండి. ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి తోడు పెట్టుకుని కూలి ఇవ్వండి. ఏ మూల చేప ఉందో వాళ్లకే తెలుస్తుంది. ఏప్రిల్లో వెళ్తే అక్కడి గిరిజనుల ఇటుకల పండగ రోజులు, దారికి అడ్డంగా గడ పెట్టి చందా అడుగుతారు. నవ్వుతూ ఇచ్చి కదలండి.

ఎర సంగతి. శీలావతికి, బొచ్చెకి గోధుమపిండిలో తెలగపిండి కలిపి గట్టిగా ముద్ద చేయి. జెల్లకి వానపాము గుచ్చి అడుక్కి వదలాలి. దాని ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి పెట్టు, నొప్పి తగ్గుతుంది. గట్టు వార గడ్డిలో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కదులుతుంటే అడుగున కొర్రమీను కాపలా ఉందని అర్థం. అక్కడ గాలం వేయకు బాబూ. దాన్ని తీసేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి. మే ఆఖరులో గుడ్లతో కడుపు ఉబ్బిన చేప పడితే దాన్నీ వదిలెయ్.

మధ్యాహ్నం దాటాక కొండ మీద మబ్బు పడితే రాడ్డు వెంటనే కింద పెట్టి కారెక్కు. ఇప్పటి కార్బన్ రాడ్లలోంచి కరెంటు పారుతుంది, పిడుగుల వేళ అవి చేతిలో ఉండకూడదు. టెంట్ ఒంటరి చెట్టు కింద వద్దు. ఎండుటాకుల మీద పొయ్యి వద్దు, ఆ రోజుల్లో అడవి తేలిగ్గా అంటుకుంటుంది. నిప్పు మీద నీళ్లు పోసి, చేత్తో తడిమి చూసి పడుకోండి.

లంబసింగి నుంచి ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కగలవో ఆ గేరులోనే దిగు. న్యూట్రల్ చేసి బ్రేక్ మీదే దిగితే బ్రేకులు వేడెక్కి పట్టవు. ఎదురెక్కే బండికి నువ్వే దారివ్వు. పెట్రోలు అరకులో నింపించుకో, అవతల కొన్నిచోట్ల సిగ్నల్ అందదు, ఎప్పుడు తిరిగొస్తారో ముందే అక్కకి చెప్పి వెళ్లు, లేకపోతే తను టెన్షన్ పడుతుంది.

దోమతెర మాత్రం మర్చిపోవద్దు, ఏజెన్సీలో మలేరియా ఉంది. ఇంటికొచ్చిన తర్వాత నెలలోపు ఎవరికి జ్వరం వచ్చినా ఆ రోజే రక్త పరీక్ష చేయించండి, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పండి. నా దగ్గర రెండు దోమతెరలున్నాయి, ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

మీ మావయ్య