వేణ్ణీళ్ళ లైను మారేముందు ఇంటింటికీ చెప్పాల్సినవి

అమ్మాయీ, ఆశీస్సులు.

మీ బెంగళూరు అపార్ట్‌మెంటులో ఎవరి గీజర్ వాళ్ళకి ఉండే పద్ధతి మానేసి, మిద్దె మీద హీట్ పంపు పెట్టి 40 ఇళ్ళకీ ఒకే లైనులో వేణ్ణీళ్ళు ఇవ్వబోతున్నారని రాశావు. అందరికీ నచ్చజెప్పే పని సెక్రటరీగా నీ మీద పడిందన్నావు. ఒకటి గుర్తుపెట్టుకో. ఇలాంటి మార్పుల్లో పేచీ మిద్దె మీద పుట్టదు, బాత్రూముల్లో పుడుతుంది. మీటింగులో యంత్రం బొమ్మలు చూపించి సరిపెట్టకు. ఇంటింటికీ వెళ్ళి, కుళాయి దగ్గర నిలబడి చెప్పు.

కరెంటు సంగతి తేలిగ్గానే తేలుతుంది. 1,000 లీటర్ల నీళ్ళని 30 డిగ్రీలు వేడెక్కించడానికి గీజర్‌కైనా, ముంచే రాడ్డుకైనా దాదాపు 35 యూనిట్లు కావాలి. హీట్ పంపు వేడిని పుట్టించదు. ఏసీ గదిలో వేడిని బయటికి తోసినట్టు, ఇది మిద్దె మీది గాలిలో వేడిని లాగి నీళ్ళలోకి తోస్తుంది. అందుకే అదే పని 12 యూనిట్ల చిల్లరలో అవుతుంది. మీ కామన్ మీటరు బిల్లులో యూనిట్ రేటు చూసి లెక్కకట్టి చూపించు, ఇంకెవరి అంకెలూ అరువు తేకు. చలి వేళ యంత్రం ఎక్కువ కరెంటు తింటుంది. తెల్లవారుజామున నడపకుండా మధ్యాహ్నం ఎండవేళ నడిపి ట్యాంకు నింపుకోమను.

అసలు ఫిర్యాదు ఇలా వస్తుంది: "నీళ్ళు వేడిగా లేవండీ." చాలాసార్లు నీళ్ళు బాగానే ఉంటాయి, అలవాటే మారుతుంది. గీజర్ నీళ్ళు 65 డిగ్రీలుంటే, 22 డిగ్రీల చన్నీళ్ళతో కలిపి 40 డిగ్రీల 20 లీటర్ల బకెట్ నింపడానికి వేణ్ణీళ్ళు ఎనిమిదిన్నర లీటర్లు చాలు. కొత్త లైనులో కుళాయి దగ్గరికి 50 డిగ్రీలే వస్తే 13 లీటర్లు పట్టాలి. పాత కొలత ప్రకారం పట్టుకున్నవాళ్ళకి బకెట్ గోరువెచ్చగా మిగులుతుంది. ఒక్క ఇంట్లో ఈ లెక్క బకెట్‌తో చేసి చూపించు, పక్కింటికి నువ్వు వెళ్ళేలోపు మాటే వెళ్తుంది. ట్యాంకులో మాత్రం 60 కంటే తగ్గించనివ్వకు, గోరువెచ్చటి నిల్వనీళ్ళలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. 60 డిగ్రీల నీళ్ళు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి కాబట్టి, పసిపిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న ఇళ్ళలో బకెట్‌లోకి ముందు చన్నీళ్ళు పట్టాలని మరీ మరీ చెప్పు.

ఇక అన్నిటికంటే పెద్ద తలనొప్పి. ఏదో ఒక ఇంట్లో హెల్త్ ఫాసెట్‌ని, అంటే కమోడ్ పక్కన ఉండే చేతి స్ప్రేని, వేడి చల్ల నీళ్ళు కలిపే మిక్సర్ కుళాయికి కలిపి ఉంటారు. మిక్సర్ రెండు వైపులా తెరిచి ఉంచి, చేతిలోని మీట వదిలేస్తారు. నీళ్ళు బయటికి రావు గాని లోపల వేడి లైనూ చల్ల లైనూ కలిసిపోతాయి. చన్నీళ్ళకి ప్రెషర్ పంపు ఉండి, వేణ్ణీళ్ళు ట్యాంకు ఎత్తు మీదే దిగుతుంటే, చన్నీళ్ళు వేడి పైపులోకి తోసుకొస్తాయి. మూడో అంతస్తులో ఒక్క మీట వదిలితే ఒకే పైపు మీద ఉన్న ఆ వరస ఇళ్ళన్నిటికీ గోరువెచ్చటి నీళ్ళే. అందరూ హీట్ పంపుని తిడతారు. పట్టుకోవడం ఇలా: రాత్రి వాడకం లేనప్పుడు షాఫ్ట్‌లో ఒక్కో ఇంటికి వెళ్ళే వేడి పైపు మీద చెయ్యి పెట్టు. దొంగ పైపు ఎవరూ వాడకున్నా చల్లగా తగులుతుంది, చెవి పెడితే సన్నగా పారే చప్పుడు వినిపిస్తుంది. ఆ ఇంటి వేడి వాల్వు కట్టేస్తే వరసంతా కాసేపట్లో సర్దుకుంటుంది. మందు ముందే వెయ్యొచ్చు: ప్రతి ఇంటికీ వేడి, చల్ల రెండు లైన్లకీ నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీళ్ళని ఒక వైపుకే పోనిచ్చేది. కాంట్రాక్టరు ఖర్చు తగ్గిస్తానని వీటిని తీసేస్తానంటే ఒప్పుకోకు. పనిమనుషులకి కూడా ఈ మాట చెప్పాలి, రోజూ ఆ మీట వదిలేది ఎక్కువగా బాత్రూము కడిగేవాళ్ళే.

పాత గీజర్‌ని స్విచ్ ఆపేసి లైను దాని గుండానే ఉంచితే, దానిలో చల్లారిన 15 లీటర్లు వచ్చాకే అసలు వేడి వస్తుంది. గీజర్‌ని తప్పించి పోయేలా బైపాస్ పైపు వేయించి, గీజర్‌లో నీళ్ళు వంపేయమను. ఆరు నెలలు గోడకే ఉండనీ, భయపడేవాళ్ళకి ధైర్యం.

పైపు విషయం కాంట్రాక్టరుని అడిగి తెలుసుకో, జనానికి చెప్పక్కర్లేదు. వేడి లైనుకి సీపీవీసీ, అంటే వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పైపు. ఒక అంగుళం పైపులో మీటరుకి అర లీటరు నీళ్ళుంటాయి, పైపులో చల్లారిన నీళ్ళని పంపుతో తిప్పి మళ్ళీ ట్యాంకుకి చేర్చే రిటర్న్ లైను లేకపోతే 20 మీటర్ల దూరంలో ఉన్న ఇల్లు పది లీటర్లు వృథాగా వదలాలి. ట్యాంకరు నీళ్ళు కొనే చోట అది పాపం. ఆ తిప్పే పంపుని రోజంతా నడిపితే మిగిలిన కరెంటు మళ్ళీ పైపుల్లో చల్లారిపోతుంది, పొద్దున 5 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 9 చాలు. మిద్దె మీద పైపులు చల్లారకుండా వేసే నల్ల నైట్రైల్ రబ్బరు తొడుగు ఎండకి పొడి అయిపోతుంది, పైన అల్యూమినియం రేకు చుట్టించాలి. మీది బోరు నీళ్ళైతే, సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్‌కి పోసే ఉప్పు ఖర్చుని దాచకు, ముందే చెప్పు. సున్నం పేరుకుంటే యంత్రం ఇంకా ఎక్కువ సేపు నడుస్తుంది.

టైమర్‌ని పండగలకి మార్చడం మర్చిపోకు. నరక చతుర్దశి తెల్లవారుజామున కన్నడవాళ్ళకీ తమిళవాళ్ళకీ మనకీ అందరికీ నూనె తలంటే. ఏడాదంతటికీ పెద్ద పరీక్ష ఆ ఒక్క పూట, ముందురోజు సాయంత్రానికే ట్యాంకు నిండి 60 దాటి ఉండాలి. కార్తీకమంతా మనవాళ్ళు నాలుగున్నరకే లేస్తారు, రిటర్న్ పంపు ఆ నెల 4కే మొదలుపెట్టించు.

ఒకేసారి 40 ఇళ్ళూ మార్చకు. యంత్రానికి దూరంగా ఉన్న వరసని ముందు కలిపి రెండు వారాలు చూడు. ఒక థర్మామీటరు కొని, పొద్దున ఆరింటికి ఆ చివరి ఇంటి కుళాయి వదిలి ఎన్ని సెకన్లకి 50 వచ్చిందో పుస్తకంలో రాసుకో. ఆ పుస్తకం సెక్యూరిటీ దగ్గరే ఉంచు, ఎవరైనా తిప్పి చూసుకుంటారు.

మీ పెదనాన్న