టెక్ సందేహాలు: ట్రక్కు ఇంజిన్ సరే, డ్యాష్‌బోర్డు కింద పోర్టు సంగతేంటి?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఫుల్‌సైజ్ పికప్ ట్రక్కు కొనాలి. 5.3 లీటర్ల వీ8, టర్బో వీ6, హైబ్రిడ్, 3 లీటర్ల డీజిల్.. వీటిలో ఏది తీసుకోవాలో తేలడం లేదు. సామాన్లన్నీ సర్దితే 7,000 పౌండ్లు తూగే ట్రావెల్ ట్రెయిలర్ కట్టుకుని వేసవిలో కొలరాడో వెళ్లాలని పిల్లల కోరిక. మిగతా రోజుల్లో ఆఫీసు, స్కూలు, కూరగాయలు, అంతే.

జవాబు: ఇదే ప్రశ్న డాలస్ నుంచీ, ఆస్టిన్ నుంచీ వస్తూనే ఉంది. అందరూ హార్స్‌పవర్, టార్క్ అంకెలతో పట్టికలు వేసి పంపుతున్నారు. డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఏముందో మాత్రం ఎవరూ రాయడం లేదు. మనుషులు, సామాన్లు కలిపి ఇంత బరువు మించకూడదని అందులో ఉంటుంది. అది 1,500 పౌండ్లు అనుకోండి. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం మీద పడుతుంది. 13 శాతం వేసుకుంటే 910. హిచ్ సామగ్రి 80. మీ నలుగురూ కలిసి 550. మొత్తం 1,540. ఇంకా ఐస్ బాక్స్ కూడా ఎక్కించలేదు, అప్పుడే పరిమితి దాటిపోయింది! బ్రోషర్‌లో 11,000 పౌండ్లు లాగుతుందని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా ఈ లెక్క మారదు. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, హైబ్రిడ్ బ్యాటరీ, డీజిల్ ఇంజిన్.. ఇవి ఎన్ని ఎక్కువుంటే స్టిక్కర్ మీది అంకె అంత తగ్గుతుంది. ఒకే మోడల్‌లో కూడా ట్రక్కు ట్రక్కుకీ ఈ అంకె మారుతుంది. కాబట్టి మీరు కొనబోయే ట్రక్కు డోర్ తీసి చూడండి.

ఇక ఇంజిన్. మీ అవసరానికి నా ఓటు టర్బో వీ6కే. కారణం కొలరాడో కొండలు. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. డెన్వర్ దాటాక వచ్చే ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది. అక్కడికి చేరేసరికి వీ8 శక్తిలో మూడో వంతు పోతుంది. టర్బో ఆ పల్చటి గాలినే నొక్కి లోపలికి పంపుతుంది కాబట్టి అంతగా నీరసించదు. మైలేజీ మీద మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. ట్రెయిలర్ కడితే ఏ ఇంజిన్‌దైనా సగానికి పడిపోవడం మామూలే.

డీజిల్ లాగడంలో నిజంగా గట్టిదే. కానీ అమెరికాలో డీజిల్ ధర సాధారణంగా గ్యాస్ (పెట్రోల్) కంటే ఎక్కువే. ఇండియాలో డీజిల్ చవక అన్న అలవాటు లెక్క ఇక్కడ పనికిరాదు. పైగా రోజూ స్కూలుకీ ఇంటికీ రెండేసి మైళ్లు తిప్పితే మసిని పట్టే ఫిల్టర్ తగినంత వేడెక్కక పూడుకుపోతుంది. మీ వాడకానికి అది వద్దు. హైబ్రిడ్‌లో నాకు నచ్చిందల్లా ట్రక్కు నుంచే తీసుకోగలిగే కరెంటు. 7.2 కిలోవాట్లు ఇచ్చేవి ఉన్నాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకి రోజుల తరబడి చీకట్లో, చలిలో గడిపిన టెక్సస్ వాళ్లకి దాని విలువ ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటాం. మాది వీ8 ట్రక్కు. భారం లేనప్పుడు కొన్ని సిలిండర్లు ఆగిపోయే ఏర్పాటు వల్ల లిఫ్టర్లు (ఇంజిన్ వాల్వులను కదిపే భాగాలు) పాడవుతాయని విన్నాను. దాన్ని ఆపే చిన్న పరికరం ఆన్‌లైన్‌లో కొని డ్యాష్‌బోర్డు కింద, మెకానిక్‌లు బండి లోపాలు చూసే ఓబీడీ పోర్టుకి పెట్టాను. బ్లూటూత్, ఫోన్ యాప్ కూడా ఉన్నాయి. ఎప్పుడూ అలాగే ఉంచేయొచ్చా?

జవాబు: వద్దు. ఈ రోజే పీకేయండి. లిఫ్టర్ల భయం అర్థం చేసుకోగలను, ఆ ఫిర్యాదు చాలామందిదే. ఆయిల్ టైముకి మార్పించండి. కొన్ని ట్రక్కుల్లో గేరు మాన్యువల్ మోడ్‌లో పెడితే సిలిండర్లన్నీ పనిచేస్తూనే ఉంటాయి. దానికి పరికరమేమీ అక్కర్లేదు.

నా అసలు భయం ఆ పోర్టు. కాలుష్య నియంత్రణ తనిఖీల కోసమని 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ, లైట్ ట్రక్కుకీ అది తప్పనిసరి అయింది. 16 పిన్నుల ప్లగ్గు, చాలా బళ్లలో మూత కూడా ఉండదు. దాని వెనకున్న తీగల మీదుగానే ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకుల కంప్యూటర్లు మాట్లాడుకుంటాయి. 1980ల నాటి ఆ నెట్‌వర్కు డిజైన్‌లో సందేశం ఎవరు పంపారో సరిచూసుకునే పద్ధతే లేదు. ఎవరు చెప్పినా వింటుంది. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు బీమా కోసం ఈ పోర్టుకి పెట్టే తరహా డాంగుల్‌కి (చిన్న పరికరానికి) ఎస్సెమ్మెస్‌లు పంపి కారు వైపర్లు ఆడించారు, తక్కువ వేగంలో బ్రేకులు పనిచేయకుండా చేసి చూపించారు. మీ దాంట్లో సిమ్ లేకపోవచ్చు, కానీ బ్లూటూత్ ఉంది. చవకరకం అడాప్టర్లలో చాలావాటి పిన్ 1234, లేదంటే 0000. పక్క లేన్‌లో ఆగినవాడికి కూడా అది అందుతుంది. అరవై వేల డాలర్ల బండి, బ్రేకులతో సహా, ఆ నాలుగంకెల వెనక ఉంది.

దొంగలకి కూడా ఈ పోర్టే కావాలి. అద్దం పగలగొట్టి, దీనికి తాళంచెవులు ప్రోగ్రామ్ చేసే పరికరం తగిలించి, కొత్త తాళంచెవి నమోదు చేసుకుని వెళ్లిపోతారు. టెక్సస్‌లో ఎక్కువగా పోయే వాహనాల్లో ఫుల్‌సైజ్ పికప్‌లు ఏళ్ల తరబడి ముందుంటున్నాయి. పోర్టుకి తాళం, స్టీరింగ్‌కి ఇనుప లాక్ రెండూ కొనండి. తాళంచెవి నమోదుకి యజమాని పిన్ అడగాలన్న ఆలోచన ఇన్నేళ్లలో ఈ పరిశ్రమకి గట్టిగా రాకపోవడం క్షమించరానిది. సీటు మసాజ్‌కి కొత్త అప్‌డేట్ మాత్రం టంచనుగా వస్తుంది.

ఫ్రిస్కో పాఠకులకి ఇంకో మాట. ట్రక్కు చేతికిచ్చే రోజున సేల్స్ అబ్బాయి టాబ్లెట్ ముందుపెట్టి, ‘ఇక్కడ యాక్సెప్ట్ కొట్టండి’ అంటూ తానే స్క్రీన్లు తిప్పేస్తాడు. కొట్టొద్దు, చదవండి. డ్రైవర్లు ఎక్కడ తిరుగుతున్నారో, ఎంత గట్టిగా బ్రేకు వేస్తున్నారో సరైన అనుమతి లేకుండా సేకరించి అమ్ముకుందని ఒక పెద్ద కంపెనీ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో చర్య తీసుకుంది. కొన్నిసార్లు మూడు సెకన్లకోసారి లొకేషన్ తీసుకున్నారన్నది కమిషన్ ఆరోపణ. అలాంటి సమాచారం బీమా కంపెనీల దాకా చేరి ప్రీమియం పెంచింది. డ్రైవింగ్ స్కోర్ లాంటి పేరుతో ఏ స్క్రీన్ వచ్చినా నో చెప్పండి. ఇప్పటికే ఒప్పుకున్నవాళ్లు యాప్‌లోని ప్రైవసీ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేసి, బీమా కంపెనీలకి నివేదికలిచ్చే సంస్థలను మీ ఫైలు కాపీ అడగండి. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ప్రకారం అది చూసే హక్కు మీకుంది. తప్పులుంటే వివాదం కూడా నమోదు చేయొచ్చు.